ఉదర కండరాలకు వ్యాయామం: ప్రతిరోజూనా, వారానికి మూడు రోజులా?

నడుమును నిలబెట్టే ఉదర కండరాలకు వ్యాయామం ప్రతిరోజూ చేయాలా, లేక వారానికి కొన్ని రోజులు చేస్తే చాలునా? ఈ ప్రశ్న మా వద్దకు రెండు దిక్కుల నుండి వస్తుంది. ఒక దిక్కున మా వద్ద చదువుకునే 16, 17 ఏళ్ళ పిల్లలు. సెల్‌ఫోనులో కండలు తిరిగిన శరీరాలను చూసి, రాత్రి నిద్రకు ముందు వంద, రెండు వందల సిట్-అప్స్ చేసి, మరునాడు నడుము పట్టుకొని తరగతిలో కూర్చునేవారు వీరు. మరొక దిక్కున వారి తల్లిదండ్రులు. నేల మీద కూర్చుంటే లేవడానికి గోడనో, పిల్లవాని భుజాన్నో ఆసరా చేసుకునేవారు. అయినా వ్యాయామం యువకుల పని, మాకెందుకు అనుకునేవారు వీరు. మొదటివారు అతిగా చేసి నష్టపోతున్నారు. రెండవవారు బొత్తిగా చేయక నష్టపోతున్నారు. ఇరువురికీ ఉపయోగపడే సమాధానం ఒకటే కనుక, ఈ నెల ఆ విషయాన్నే తీసుకున్నాము.

ముందు సమాధానం చెప్పి, తర్వాత కారణాలు వివరిస్తాము. కండరాన్ని బాగా అలసిపోయేలా చేసే వ్యాయామమైతే వారానికి రెండు లేక మూడు రోజులు చేయాలి; ఆ రోజుల మధ్య కనీసం ఒక రోజు విరామం ఉండాలి. కండరాన్ని మేల్కొలిపి, అలసటకు గురిచేయకుండా విడిచిపెట్టే తేలికపాటి సాధన అయితే ప్రతిరోజూ చేయవచ్చు. అంటే ఎన్ని రోజులు అనే ప్రశ్నకు ముందు ఎంత భారం అనే ప్రశ్న వేసుకోవాలి. ఈ తేడా తెలియకపోవడం వల్లనే అత్యధికులు పొరబడుతున్నారు.

ఇవి ఏ కండరాలు? వీటి పని ఏమిటి?

ఉదర కండరాలు అనగానే చాలామందికి పొట్ట ముందు భాగంలో నిలువుగా ఉండే కండరం ఒక్కటే గుర్తుకు వస్తుంది. యువకులు 'సిక్స్ ప్యాక్' అని పిలిచేది దానినే. నిజానికి పొట్ట చుట్టూ నాలుగు రకాల కండరాలున్నాయి. ముందు భాగంలో నిలువు కండరం ఒకటి. ఇరు పక్కలా ఏటవాలుగా, ఒకదాని కింద ఒకటిగా సాగే కండరాలు రెండు. వాటన్నింటికీ లోపల, నడికట్టు చుట్టినట్లు అడ్డంగా ఉండే కండరం నాలుగవది. వెనుక వెన్నుపూసలను ఆనుకొని ఉన్న కండరాలు, పైన శ్వాసకు తోడ్పడే డయాఫ్రం, అడుగున మూత్రాశయాన్నీ గర్భాశయాన్నీ మోసే కటి కండరాలు వీటితో కలిసి పనిచేస్తాయి. వ్యాయామశాలల్లో 'కోర్' అనే మాటకు అర్థం ఈ మొత్తం కూటమి.

ఈ కూటమి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే సభల కోసం వేసే షామియానాను చూడండి. మధ్యలోని గుంజ తనంతట తాను నిలబడదు. నలువైపులా కట్టిన తాళ్ళు సమానంగా బిగిసి ఉన్నప్పుడే నిలబడుతుంది. ఒక వైపు తాళ్ళు మాత్రమే బిగించి మిగిలినవి వదిలేస్తే గాలి రాకముందే ఒరిగిపోతుంది. మన వెన్నెముక ఆ గుంజ వంటిది. చుట్టూ ఉన్న కండరాలు తాళ్ళ వంటివి. పొట్ట ముందు భాగానికి మాత్రమే రోజూ వ్యాయామం చేసే యువకుడు ఒక వైపు తాళ్ళు బిగిస్తున్నాడని గ్రహించాలి.

మరొక సంగతి. చేతి కండరం పని చేతిని మడవడం. నడుము చుట్టూ ఉన్న కండరాల ముఖ్యమైన పని నడుమును వంచడం కాదు, దానిని వంగకుండా, మెలితిరగకుండా కాపాడడం. బిందె ఎత్తినప్పుడు, చంటిబిడ్డను చంకనెత్తుకున్నప్పుడు, బియ్యం బస్తా జరిపినప్పుడు చేతులు, కాళ్ళు కదులుతాయి. నడుము స్థిరంగా నిలవాలి. మీ చేతివేళ్ళను పక్కటెముకల కింద, పొట్ట పక్కభాగంలో ఆనించి ఒకసారి దగ్గి చూడండి. వేళ్ళ కింద ఒక బిగువు తెలుస్తుంది. ఆ బిగువే ఈ కండరాల అసలు పని.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హాడ్జెస్, కరొలిన్ రిచర్డ్‌సన్ 1996లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో ప్రసిద్ధమైనది. ఆరోగ్యవంతుడు చేయి ఎత్తేటప్పుడు, చేయి కదలడానికి ముందే లోపలి అడ్డ కండరం బిగుసుకొని నడుమును సిద్ధం చేస్తుందని వారు గమనించారు. నడుము నొప్పి ఉన్నవారిలో ఆ బిగువు ఆలస్యంగా వచ్చింది. కావలి వాడు దొంగ వచ్చి వెళ్ళిన తర్వాత లేచినట్లన్న మాట.

ప్రతిరోజూ గట్టిగా చేస్తే ఎందుకు మంచిది కాదు?

కండరం వ్యాయామం చేసే సమయంలో బలపడదు. వ్యాయామం చేసేటప్పుడు అది అలసిపోతుంది, దాని పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. ఆ తర్వాత ఆహారంలోని మాంసకృత్తులతో, నిద్రతో శరీరం ఆ పోగులను బాగుచేసి మునుపటికంటే కొంచెం గట్టిగా తీర్చిదిద్దుతుంది. గట్టి వ్యాయామం తర్వాత ఈ మరమ్మతు పని 24 నుండి 48 గంటల వరకు చురుకుగా సాగుతుంది. అలవాటు లేని వ్యాయామం చేసినవారికి నొప్పి ఆ రోజుకంటే మరునాడు, మూడవ నాడు ఎక్కువగా తెలియడం అందరికీ అనుభవమే. మరమ్మతు పూర్తి కాకముందే మళ్ళీ అదే కండరంపై అదే భారం మోపితే, తడి ఆరని గోడపై మరొక వరుస ఇటుకలు పేర్చినట్లే అవుతుంది.

ఉదర కండరాలకు ఈ నియమం వర్తించదని, అవి ఎంత శ్రమనైనా రోజూ తట్టుకుంటాయని వ్యాయామశాలల్లో ఒక మాట ప్రచారంలో ఉంది. ఇందులో సగం నిజముంది. రోజంతా మనల్ని నిటారుగా నిలబెట్టే కండరాలు కనుక వీటికి ఓర్పు ఎక్కువ. అందువల్లనే తేలిక సాధన రోజూ చేసినా ఇబ్బంది లేదు. కానీ బరువులతో, లేదా ఇక ఒక్కటి కూడా చేయలేమన్న స్థితి వచ్చేవరకు చేసే వ్యాయామానికి చేతి కండరాల మాదిరిగానే వీటికీ విశ్రాంతి కావలసిందే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాల పాటు వేగంగా నడవడం వంటి మధ్యస్థ శ్రమ చేయాలి. దానితోపాటు ముఖ్య కండరాలన్నింటినీ బలపరిచే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు చేయాలి. 5 నుండి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ, అందులో వారానికి కనీసం మూడు రోజులు కండరాలను, ఎముకలను బలపరిచేది ఉండాలి. 65 ఏళ్ళు దాటినవారు వారానికి మూడు రోజులైనా శరీర సమతుల్యతను పెంచే సాధన చేయాలి. వీటిలో ఎక్కడా ఉదర కండరాలకు ప్రత్యేకంగా రోజూ వందల సంఖ్యలో కదలికలు చేయమన్న సూచన లేదు.

సిట్-అప్స్ సంగతి

వెల్లకిలా పడుకొని, మోకాళ్ళ వరకు లేచి, మళ్ళీ పడుకునే సిట్-అప్స్ తరతరాలుగా పాఠశాలల్లోనూ, సైన్యంలోనూ బలానికి కొలతగా నిలిచాయి. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముకపై దశాబ్దాల పాటు పరిశోధన చేసిన ఆచార్యుడు స్టువర్ట్ మెక్‌గిల్ ఒక్కొక్క సిట్-అప్‌లో నడుము పూసలపై పడే ఒత్తిడిని లెక్కగట్టారు. అది సుమారు 3,300 న్యూటన్లు. అంటే 330 కిలోలకు పైబడిన బరువుతో సమానం. ఆరోగ్యమైన వెన్ను దానిని కొన్నిసార్లు మోయగలదు. కానీ వంగిన స్థితిలో అదే ఒత్తిడిని రాత్రికి రెండు వందలసార్లు, నెల తరబడి మోపడం వివేకమా అన్నది ఆలోచించవలసిన విషయం. పూసల మధ్యనున్న మెత్తలు, అనగా డిస్కులు, పదేపదే వంగడం వల్లనే ఎక్కువగా బలహీనపడతాయని ఆయన వాదన.

ఈ ఆలోచన సైనిక శిక్షణలోకి కూడా ప్రవేశించింది. అమెరికా సైన్యం 1980 నుండి దేహదారుఢ్య పరీక్షలో రెండు నిమిషాల సిట్-అప్స్ పెట్టేది. 2022లో అమలులోకి వచ్చిన కొత్త పరీక్షలో వాటి స్థానంలో ప్లాంక్ వచ్చింది. ఆ దేశపు మెరైన్ దళం సైతం 2020లో ప్లాంక్‌ను ఐచ్ఛికంగా ప్రవేశపెట్టి, 2023 నుండి తప్పనిసరి చేసింది. ప్లాంక్ అంటే బోర్లా పడుకొని, మోచేతులపైనా కాలివేళ్ళపైనా శరీరాన్ని పలకలా నిలిపి ఉంచడం. అందులో నడుము వంగదు, వంగకుండా నిలుస్తుంది.

మన పాత తాలీంఖానాలలో పహిల్వాన్లు దండ్లు, బైఠకులు తీసేవారు, ముద్గరాలు తిప్పేవారు, కుస్తీ మట్టిని తవ్వి గుల్ల చేసేవారు. పొట్టకు ప్రత్యేకమైన వ్యాయామమంటూ వెతికేవారు కారు. శరీరమంతా శ్రమించే పనుల్లో నడుము తన వంతు బలాన్ని తానే సంపాదించుకునేది.

పొద్దున లేవగానే వద్దు

మన ఇళ్ళలో చాలామంది ఫజ్ర్ నమాజు ముగియగానే వ్యాయామం మొదలుపెడతారు. ఆ సమయం ప్రశాంతమైనదే. అయితే ఒక జాగ్రత్త అవసరం. రాత్రి పడుకున్నప్పుడు పూసల మధ్య డిస్కులు నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి. అందుకే పొద్దున మన ఎత్తు రాత్రికంటే ఒకటి, రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉంటుంది. లేచిన తర్వాత మొదటి గంటలో అందులో సగానికి పైగా తగ్గిపోతుంది. ఉబ్బి ఉన్న డిస్కుపై నడుము వంచే భారం పడితే ఒత్తిడి ఎక్కువవుతుంది. ఉదయపు తొలి గంటల్లో నడుము వంచడం తగ్గించినవారికి దీర్ఘకాలిక నడుము నొప్పి తగ్గిందని 1998లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధన తెలిపింది.

రుకూ, సజ్దాలలో శరీరం నెమ్మదిగా, ఏ బరువూ ఎత్తకుండా వంగుతుంది కనుక ఆరోగ్యవంతులు దీనిని చూసి భయపడవలసిన పని లేదు. మేము చెప్పేది సిట్-అప్స్ గురించి, బరువులు ఎత్తడం గురించి. ఫజ్ర్ తర్వాత అరగంటో, గంటో నడవండి. నడుము వ్యాయామాన్ని ఆ తర్వాత గానీ, అస్ర్ తర్వాత గానీ పెట్టుకోండి.

ఇంట్లో చేయదగిన మూడు సాధనలు

మెక్‌గిల్ సూచించిన మూడు సాధనలు ఎంతో సరళమైనవి. వీటికి వ్యాయామశాల అవసరం లేదు, యంత్రం అవసరం లేదు. నేలపై ఒక దుప్పటి పరచుకునే చోటు, పదిహేను నిమిషాల సమయం చాలు. ఇంటి గది తలుపు వేసుకొని స్త్రీలు సౌకర్యంగా చేసుకోవచ్చు.

మొదటిది ముందు భాగానికి. వెల్లకిలా పడుకోండి. ఒక మోకాలు మడిచి, రెండవ కాలు చాపి ఉంచండి. రెండు అరచేతులనూ నడుము కింది ఖాళీలో పెట్టండి. నడుము నేలకు అణగకూడదు. ఇప్పుడు తలనూ భుజాలనూ కలిపి నేల నుండి కొద్దిగా మాత్రమే లేపండి. గడ్డాన్ని ఛాతీకి ఆనించకండి, మెడ వంచకండి. పది సెకన్లు నిలిపి దించండి. కొన్నిసార్లు చేసిన తర్వాత కాళ్ళు మార్చండి.

రెండవది పక్క భాగానికి. ఒక పక్కకు తిరిగి పడుకొని, మోచేతిని సరిగ్గా భుజం కింద ఆనించండి. కొత్తవారు మోకాళ్ళు మడిచి, మోచేయి, మోకాళ్ళ ఆధారంతో నడుమును పైకి లేపాలి. అలవాటైన వారు కాళ్ళు చాపి, పాదాల ఆధారంతో లేపవచ్చు. భుజం నుండి మోకాలి వరకు ఒకే గీతలా ఉండాలి. పది సెకన్ల తర్వాత దించి, రెండవ పక్క చేయాలి.

మూడవది వెనుక భాగానికి. రెండు చేతులు, రెండు మోకాళ్ళపై నిలవండి. కుడి చేతిని ముందుకు, ఎడమ కాలిని వెనుకకు నేలకు సమాంతరంగా చాపండి. నడుము ఊగకూడదు, పక్కకు ఒరగకూడదు. నడుముపై నీళ్ళ గిన్నె పెట్టినా తొణకనంత స్థిరంగా ఉండాలి. పది సెకన్ల తర్వాత దించి, ఎడమ చేయి, కుడి కాలితో చేయండి.

ప్రతి సాధననూ మొదట ఐదుసార్లు చేసి, కొద్దిగా ఆగి, మూడుసార్లు చేసి, మళ్ళీ ఆగి, ఒక్కసారి చేయండి. ఇలా సంఖ్య తగ్గుతూ రావడంలో ఒక ప్రయోజనం ఉంది. అలసట పెరిగే కొద్దీ పని తగ్గుతుంది కనుక భంగిమ చెడదు. సులభమైన తర్వాత ఆరు, నాలుగు, రెండు అని పెంచుకోవచ్చు. పది సెకన్లను నిమిషాలకు పొడిగించడం కంటే సంఖ్య పెంచడమే మేలు. ఊపిరి మాత్రం బిగబట్టరాదు. మాట్లాడగలిగేలా శ్వాస ఆడుతూ ఉండాలి. అధిక రక్తపోటు ఉన్నవారికి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం, ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది.

ఈ మూడు సాధనలు తేలికపాటివి కనుక ప్రతిరోజూ చేయవచ్చు. బొత్తిగా అలవాటు లేనివారికి మాత్రం మొదటి నెల ఇవే గట్టి వ్యాయామం అవుతాయి. వారు వారానికి మూడు రోజులతో ప్రారంభించాలి. ఉదాహరణకు శని, సోమ, బుధవారాలు. ఒళ్ళు నొప్పులు తగ్గిన తర్వాత రోజులు పెంచుకోవచ్చు. పూర్తి ప్లాంకులు, కాళ్ళు ఎత్తే వ్యాయామాలు, బరువులతో చేసేవి కలుపుకునే యువకులు వాటిని వారానికి రెండు, మూడు రోజులకే పరిమితం చేసుకొని, మిగిలిన రోజుల్లో నడక, పరుగు, ఆటలతో గడపాలి. ఫలితం రాత్రికి రాత్రి కనిపించదు. మొదటి కొన్ని వారాల్లో కండరం పెరగకపోయినా, నరాలు దానిని సరిగ్గా వాడుకోవడం నేర్చుకుంటాయి కనుక స్థిరత్వం పెరుగుతుంది. ఆరు నుండి ఎనిమిది వారాలలో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఈ మూడింటిలోనే ఏదో మహత్తు ఉందని కూడా అనుకోరాదు. నడుము స్థిరత్వానికి చేసే ప్రత్యేక వ్యాయామాలు దీర్ఘకాలిక నడుము నొప్పి విషయంలో ఇతర వ్యాయామాలకంటే మెరుగైనవని చెప్పలేమని కోక్రేన్ సంస్థ 2016లో వెలువరించిన సమీక్ష తేల్చింది. అంటే ఏ వ్యాయామం అన్నదానికంటే విడవకుండా చేయడం ముఖ్యం. నడకే ఇష్టమైనవారు నడవండి. అయితే చేసేది కొద్దిగానైనా నిలకడగా చేయండి.

పొట్ట తగ్గుతుందా?

పొట్ట వ్యాయామం చేస్తే పొట్ట కొవ్వు కరుగుతుందన్న నమ్మకం చాలా గట్టిది. 2011లో అమెరికాలో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 24 మందిని తీసుకున్నారు. వారిలో ఒక వర్గం ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు, ఏడు రకాల ఉదర వ్యాయామాలు చేసింది. చివరకు వారి కండరాల ఓర్పు పెరిగింది. పొట్ట కొవ్వు మాత్రం వ్యాయామం చేయని వారితో పోల్చితే తగ్గలేదు. శరీరం కొవ్వును తన ఇష్టం వచ్చిన చోటు నుండి వాడుకుంటుంది, మనం కదిపిన చోటు నుండి కాదు. పొట్ట తగ్గాలంటే పళ్ళెంలో బిర్యానీ తగ్గాలి, టీలో చక్కెర తగ్గాలి, నడక పెరగాలి. నడుము బలపడాలంటే సాధన కావాలి. ఈ రెండూ వేరువేరు పనులు. మొదటిది జరగలేదని నిరాశపడి రెండవదాన్ని వదిలేసేవారు ఎందరో ఉన్నారు.

ప్రత్యేక జాగ్రత్త వహించవలసినవారు

ప్రసవించిన స్త్రీల గురించి విడిగా చెప్పాలి. గర్భం పెరిగే కొద్దీ పొట్ట మధ్యలోని నిలువు కండరం రెండు పాయలుగా ఎడమవుతుంది. ప్రసవానంతరం చాలామందిలో ఈ ఎడం క్రమంగా తగ్గుతుంది, కొందరిలో నిలిచిపోతుంది. లేచేటప్పుడు పొట్ట మధ్యలో గట్టులా ఉబ్బడం దాని గుర్తు. ఇటువంటివారు సిట్-అప్స్ చేస్తే మేలుకంటే కీడు ఎక్కువ. మన పెద్దలు బాలింత నడుముకు గుడ్డ చుట్టేవారు. అది కొంత ఆసరా ఇస్తుంది గానీ కండరానికి బలం తేలేదు. నెమ్మదిగా శ్వాస వదులుతూ పొట్టను లోనికి తీసుకోవడం, మూత్రాన్ని ఆపుకున్నట్లు కటి కండరాలను బిగించి వదలడం మొదటి మెట్లు. సిజేరియన్ అయినవారు డాక్టరమ్మ అనుమతి లేకుండా ఏదీ మొదలుపెట్టరాదు. దగ్గినా తుమ్మినా మూత్రం జారుతోందని చెప్పుకోలేక, ఉజూ నిలవడం లేదని లోలోపల కుమిలిపోయే సోదరీమణులు ఉన్నారు. ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు, కటి కండరాల బలహీనత. సాధనతో చాలావరకు మెరుగవుతుంది. అత్తగారు, ఆడబిడ్డ, భర్త ఈ మాటను వారికి చెప్పి, వైద్యురాలి వద్దకు తీసుకువెళ్ళాలి.

హెర్నియా ఉన్నవారు, పొట్టకు శస్త్రచికిత్స జరిగినవారు, ఎముకలు గుల్లబారిన వృద్ధులు వైద్యుని సలహా మీదనే చేయాలి. నడుము నొప్పితో పాటు కాలు బలహీనపడడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, మలమూత్రాలపై అదుపు తప్పడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే వ్యాయామం మాట పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

రమజాన్ నెలలో గట్టి వ్యాయామాన్ని వారానికి రెండు రోజులకు తగ్గించుకోండి. ఇఫ్తార్ తర్వాత కొంత వ్యవధి ఇచ్చి, నీరు తగినంత తాగి చేయండి. ఉపవాసంలో దాహంతో ఉండి చెమట పట్టేలా శ్రమించడం తగదు. ఒక నెలపాటు తగ్గించినంత మాత్రాన సంపాదించిన బలమంతా పోదు.

మిగిలిన ఇరవై మూడు గంటలు

రోజూ పావుగంట సాధన చేసి, మిగిలిన రోజంతా నడుము వంచి కూర్చుంటే ఫలితం సగమే. హిఫ్జ్ విద్యార్థులు రెహల్ ముందు గంటల తరబడి కూర్చుంటారు. దర్జీ పని, జరీ పని, కంప్యూటరు పని చేసేవారి స్థితీ అంతే. అరగంటకో, నలభై నిమిషాలకో ఒకసారి లేచి రెండు నిమిషాలు నడవడం అలవాటు చేసుకోవాలి. మా తరగతుల్లో ఒక పాఠానికీ మరొక పాఠానికీ మధ్య పిల్లలను నిలబెట్టి, వరండా చివరి వరకు నడిపించి తీసుకువస్తాము. అందువల్ల చదువు కుంటుపడలేదు, కునికిపాట్లు తగ్గాయి.

బరువు ఎత్తేటప్పుడు దానిని ఒంటికి దగ్గరగా తీసుకొని, నడుము కాక మోకాళ్ళు వంచి, పొట్టను కొద్దిగా బిగించి ఎత్తాలి. గ్యాసు సిలిండరు, నీళ్ళ క్యాను, నిద్రపోతున్న పిల్లవాడు, ఏదైనా ఇదే పద్ధతి. దానిని తిప్పవలసి వస్తే నడుము మెలితిప్పకుండా పాదాలతో తిరగాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో ఉన్నారు. మనుషులను పనికి దూరం చేసే బాధల్లో ఇది ప్రపంచమంతటా మొదటిది. ఆ సంఖ్యలో మన ఇంటివారూ ఉన్నారు. మస్జిదుల్లో కుర్చీల వరుసలు ఏటేటా పెరగడం మనం చూస్తూనే ఉన్నాము. వైద్యుని సలహాపై కుర్చీలో కూర్చునేవారికి ఆ సౌలభ్యం ఉంది, వారిని ఎవరూ వేలెత్తి చూపరాదు. కానీ నలభై ఏళ్ళకే, ఏ వ్యాధీ లేకుండా, కేవలం నడుము బలహీనపడినందువల్ల నేల నుండి లేవలేని స్థితికి చేరినవారు కూడా వారిలో ఉన్నారు. వారికి ఆ బలం చాలావరకు తిరిగి రాగలదు. దానికి కావలసింది వారంలో మూడు రోజులు, రోజుకు పావుగంట, మధ్యలో విశ్రాంతి.

యువకులారా, మీ బలాన్ని అద్దంలో కొలుచుకోకండి. అమ్మ చేతిలోని బిందెను మీరు అందుకొని, నడుము నొప్పి లేకుండా మేడపైకి చేర్చగలిగితే మీ ఉదర కండరాలు బలంగా ఉన్నట్లే. పెద్దలారా, ఈ వారం ఒకసారి నేలపై కూర్చొని, గోడను పట్టుకోకుండా లేవడానికి ప్రయత్నించండి. పక్కన ఒకరిని ఉంచుకోండి. లేవగలిగితే ఆ శక్తిని నిలుపుకోండి. లేవలేకపోతే శనివారం నుండి దుప్పటి పరచండి.